వెనక లిఫ్టు మేస్త్రి

ఆయన్ని అందరూ మెల్లగా మేస్త్రి అనేవారు. స్క్రూ బిగించేవాడితోనూ, తలుపు మూసేవాడితోనూ, చివరికి గబగబా అన్నం తినేవాడితోనూ "మెల్లగా, మెల్లగా" అంటూ ఉండటంతో ఆ పేరు నిలిచిపోయింది. లిఫ్టుల పని ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పదహారో ఏట మోటార్లు చుట్టే షాపులో చేరాడు. అక్కణ్ణుంచి లిఫ్టు కంపెనీలో గ్రీజు పూసే పనికి వెళ్లాడు. పెద్ద మేస్త్రీలు విప్పుతుంటే చూసేవాడు. వాళ్లు భోజనానికి లేచాక తానూ అదే విప్పి, మళ్లీ బిగించేవాడు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకునేసరికి ముప్పై రెండేళ్లు నిండాయి. మెషిన్ రూములో నేల మీద అరచెయ్యి ఆనించి, కింద ఏ అంతస్తులో తలుపు సరిగా మూసుకోవడం లేదో చెప్పేవాడు. సాధారణంగా చెప్పింది తప్పేది కాదు.

పన్నెండేళ్లుగా ఆయన చేతిలో ఉన్న భవనం ఒకటుంది. పద్నాలుగు అంతస్తులు. ముందు హాల్లో రెండు లిఫ్టులు, అద్దాలు, చల్లగాలి, సన్నగా ఏదో సంగీతం. వెనక, చెత్త డబ్బాల గది పక్కన, మూడోది. రేకు గోడలు, ఒక ట్యూబులైటు, ఎప్పుడో ఆగిపోయిన ఫ్యాను. దాని పక్కన గోడకు బోర్డు ఉండేది: "వంటవారు, పనివారు, డ్రైవర్లు, సామాను తెచ్చువారు ఈ లిఫ్టునే వాడవలెను." మేస్త్రి కూడా ఆ జాబితాలోని మనిషే. ముందు లిఫ్టుల కడుపులో చెయ్యి పెట్టి బాగుచేసేవాడు, వాటి నెత్తి మీద కూర్చుని పైకీ కిందికీ తిరిగేవాడు. పని అయ్యాక సంచీ భుజాన వేసుకుని వెనక లిఫ్టులో దిగేవాడు.

ముందు లిఫ్టులకు గడువు తప్పకుండా కొత్త భాగాలు వచ్చేవి. వెనకదానికి ఇళ్లవాళ్ల సంఘం ఏమీ మంజూరు చేసేది కాదు. "నడుస్తోంది కదా మేస్త్రీ" అనేవాడు సెక్రటరీ. నడిపిస్తున్నది మేస్త్రి. ముందు లిఫ్టుల నుంచి తీసేసిన తలుపు రోలర్లు, బ్రేకు లైనర్లు, ఒకసారి ఉక్కు తాళ్లు కూడా, ఇంకా కొంత ప్రాణం ఉన్నవి ఏరి, కడిగి, వెనకదానికి వేసేవాడు. ఏది ఏ తేదీన ఎక్కణ్ణుంచి తీసి ఎక్కడ వేశాడో ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. అందులో ఆయనకు గర్వం ఉండేది. కొత్త సామానుతో ఎవడైనా నడుపుతాడు, పారేసినదాన్ని నడపడానికే చెయ్యి కావాలని ఆయన అనుకునేవాడు.

పైగా ఆ లిఫ్టులో రోజూ వదిన ఎక్కేది. తల్లి లేని ఇంటికి అన్న భార్యగా ఆమె వచ్చేనాటికి మేస్త్రికి తొమ్మిదేళ్లు. అన్నం పెట్టిందీ, అల్లరి చేస్తే వీపు మీద రెండు వేసిందీ ఆమే. అన్న పోయాక ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆమె ఆ భవనంలోనే పన్నెండో అంతస్తులో రెండిళ్లకు వంట చేసేది. మోకాళ్లు అరిగిపోయాయి.

ఆ ఏడాది తనిఖీలో మేస్త్రి వెనక లిఫ్టు తాళ్లు కొలిచాడు. పదమూడు మిల్లీమీటర్లు ఉండాల్సినవి పదకొండున్నరకు దిగాయి. గుడ్డతో తుడిస్తే తెగిన సన్న తీగెలు గుడ్డను పట్టి లాగుతున్నాయి. అలాంటప్పుడు చేయాల్సింది ఒకటే. లిఫ్టు ఆపేయాలి, తాళ్లు మార్చేదాకా ఎవరినీ ఎక్కనివ్వకూడదు. ఆపితే ఏమవుతుందో కూడా ఆయనకు తెలుసు. రెండేళ్ల కిందట ఆ లిఫ్టు మోటారు కాలిపోతే పనివాళ్లంతా పంతొమ్మిది రోజులు మెట్లెక్కారు. వదిన కాలు నెల రోజులు వాచింది. అందుకని రిజిస్టరులో "తాళ్లు మార్చవలెను, నెల గడువు" అని రాసి, లిఫ్టు లోపల "ఎనిమిది మంది" అని ఉన్నచోట "నలుగురు" అని కాగితం అంటించాడు. నెల గడిచింది. సంఘం కదలలేదు. మరో నెల గడువు రాశాడు. మూడో నెల కూడా అదే రాశాడు.

ఆ మూడో నెలలో ఒక పొద్దున, తొమ్మిది దాటాక, ఆయన సంచీతో వెనక లిఫ్టు ఎక్కాడు. లోపల వదిన, బట్టల మూటతో ఇస్త్రీ ఆయన, పదకొండో అంతస్తులో మంచం పట్టిన పెద్దావిడను చూసుకునే ఆయా ఉన్నారు. ఏడో అంతస్తు దాటుతుండగా లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

"పోయిందా?" అంది వదిన.

"పోలేదు, ఆగింది. ఏడో అంతస్తు తలుపు దగ్గర రోలరు జారినట్టుంది."

"ఆ తేడా బయట ఉన్నవాళ్లకి. లోపలున్నవాళ్లకి రెండూ ఒకటే."

ఇస్త్రీ ఆయన మూట కింద పెట్టాడు. "మేస్త్రి మనతోనే ఉన్నాడు కదక్కా, భయమేంటి?"

"డాక్టరు కూడా మన పక్క మంచం మీదే పడ్డాడన్నట్టుంది నీ ధైర్యం."

అది నిజమే. మధ్యలో ఆగిన లిఫ్టును లోపలి నుంచి కదపడం ఎంతటి పనివాడికైనా కుదరదు. పైన మెషిన్ రూములో ఒకరుండాలి. మేస్త్రి లోపలి ఫోను నొక్కాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఎత్తాడు.

"అన్నా, నేను మేస్త్రిని. ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఇరుక్కున్నాం. మెషిన్ రూము తాళంచెవి తీసుకుని పైకెళ్లు."

"మీరే లోపలుంటే నేను పైకెళ్లి ఏం పీకాలి మేస్త్రీ?"

"నేను చెప్తాగా. ముందు లిఫ్టులో వెళ్లు, తొందరగా."

కాసేపు గరగరమంది. "నా కార్డుకి ముందు లిఫ్టు తెరుచుకోదు కదా మేస్త్రీ. పోయినేడు ఆ కార్డుల మిషను పెట్టింది మీరే కదా."

లోపల ముగ్గురూ మేస్త్రి వైపు చూశారు.

"సెక్రటరీగారికి ఫోన్ చెయ్యి."

"చేస్తూనే ఉన్నా. మీటింగులో ఉన్నట్టున్నారు, ఎత్తట్లేదు. ఇళ్లవాళ్లెవరైనా వస్తే తెరవమని అడగనా?"

"అడుగు. ఎవరూ రాకపోతే మెట్లెక్కు."

"పద్నాలుగూ?"

"పదిహేను. మెషిన్ రూము డాబా మీదుంది."

ఆయా తలుపు సందులోంచి చూడబోయింది. గోడ తప్ప ఏమీ కనబడలేదు. "పదింటికి పెద్దావిడకి మాత్ర వెయ్యాలి. ఒక్కతే ఉంది" అంది. రేకు గోడలు వేడెక్కుతున్నాయి. ఆమె చెమట తుడుచుకుంటూ ఎదురుగా ఉన్న కాగితం చదివింది.

"ఇక్కడ ఎనిమిది మంది అని ఉండేదిగా. నలుగురని ఎవరంటించారు?"

"నేనే" అన్నాడు మేస్త్రి.

"ఎందుకు?"

అబద్ధం చెప్పే చోటు కాదది. తాళ్ల సంగతి చెప్పాడు. ఎంత ఉండాలి, ఎంత ఉన్నాయి, ఎప్పుడు కొలిచాడు, అన్నీ చెప్పాడు. తాళ్లు నాలుగున్నాయనీ, ఒకటి తెగినా మిగతావి ఆపుతాయనీ, అవీ పోతే పక్క పట్టాలను కరిచిపట్టే దవడలున్నాయనీ కూడా చెప్పాడు.

"ఆ దవడలు కూడా ముందు లిఫ్టువేనా?" అన్నాడు ఇస్త్రీ ఆయన.

"కాదు. అవి మొదట్నుంచి దీనివే."

"హమ్మయ్య. మనకంటూ సొంత ఆస్తి ఒకటుందన్నమాట."

వదిన నవ్వలేదు. "ఎన్నాళ్లయింది?"

"మూడో నెల."

"మూడు నెలలుగా రోజూ నన్ను దీంట్లో ఎక్కిస్తున్నావు."

"ఆపితే మెట్లెక్కాలి వదినా. నీ కాళ్లు చూశాను కదా ఆసారి."

"కాళ్లు నావి. ఎక్కాలో, వెళ్లి ఆ సెక్రటరీ గుమ్మంలో కూర్చోవాలో, నన్ను అడిగావా?"

మేస్త్రి ఆ కాగితం లేచిన అంచును బొటనవేలితో నొక్కాడు.

"ఆయన్నంటే ఏం లాభమక్కా" అన్నాడు ఇస్త్రీ ఆయన. "ఆపినా మనకి మెట్లే. నడిపినా ఇదే. ఏ దారిలో వెళ్లినా మన దగ్గరికే వచ్చి ఆగుతుంది."

"వీడు ఇంత బాగా అతుకులు వెయ్యకపోతే వాళ్లకి ఎప్పుడో తెలిసొచ్చేది" అంది వదిన. "వంట లేక నాలుగు పూటలు మాడితే వాళ్లే ముందు తలుపు తీసేవాళ్లు. వీడి పనితనమే వాళ్లకి కలిసొచ్చింది."

ఆ మాట మేస్త్రికి ఎక్కడో లోపల దిగింది. ఆయన పనిని ఇన్నేళ్లలో చాలామంది మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు. ఆ పని ఎవరికి ఉపయోగపడిందో మాత్రం ఎవరూ అనలేదు.

వాచ్‌మన్ డాబా మీదికి చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఇళ్లవాళ్లలో ఒకాయన ముందు లిఫ్టు ఎక్కుతూ కనబడ్డాడట. సెక్రటరీ అనుమతి ఉందా అని అడిగి, లేదంటే పైకెళ్లిపోయాడట. మెషిన్ రూము ఫోనులో వాచ్‌మన్ ఊపిరే వినిపించింది ముందు.

"కూర్చో అన్నా. రెండు నిమిషాలు కూర్చో."

"కూర్చుంటే లేవలేను. చెప్పండి."

"మూడో మోటారు దగ్గరికి వెళ్లు. గోడ మీద పెద్ద స్విచ్ కిందికి దించు. దించావా? మోటారు మీద ఎర్ర కడ్డీ ఉంటుంది. అది బ్రేకు. దాన్ని నొక్కి వెంటనే వదలాలి. మేం నలుగురమే ఉన్నాం కాబట్టి తాళ్ల అవతలి కొసకు వేలాడే బరువు మమ్మల్ని పైకి లాగుతుంది. ఎక్కువసేపు నొక్కావంటే పరుగెత్తుతుంది. చిటికె వేసినంతే."

"చిటికె వేసినంత. సరే."

బ్రేకు లైనర్లు కూడా ముందు లిఫ్టు నుంచి తీసినవే. ఆ సంగతి మేస్త్రి ఈసారి పైకి చెప్పలేదు. లిఫ్టు జానెడు పైకి జరిగి ఆగింది. ఆయా వదిన చెయ్యి పట్టుకుంది. మళ్లీ జానెడు. "మెల్లగా" అన్నాడు మేస్త్రి. మళ్లీ జరిగింది, ఈసారి మూరెడు. ఆగేటప్పుడు బ్రేకు కీచుమని జారి, తర్వాత పట్టుకుంది. ఇస్త్రీ ఆయన మూటను ఒళ్లోకి తీసుకుని కళ్లు మూసుకున్నాడు. పదకొండుసార్లు కడ్డీ నొక్కాక ఎనిమిదో అంతస్తు గుమ్మం వాళ్ల కాళ్లకు సమంగా వచ్చింది. మేస్త్రి లోపలి నుంచి రోలరు నొక్కి తలుపు లాగాడు. ఆయా మెట్ల వైపు పరుగెత్తింది. మాత్ర పది నలభైకి పడింది. పెద్దావిడకు ఏమీ కాలేదు.

మేస్త్రి ఆ రోజు రోలరు సరిచేయలేదు. పైకెళ్లి పెద్ద స్విచ్‌కు తన సొంత తాళం వేశాడు. రిజిస్టరులో "మనుషులకు గానీ సరుకుకు గానీ పనికిరాదు" అని రాసి సంతకం పెట్టాడు.

సెక్రటరీ చెడ్డవాడేమీ కాదు. మేస్త్రిని కూర్చోమన్నాడు, నీళ్లిచ్చాడు. "మేస్త్రీ, ఇదంతా ఎందుకు? సామాను లిఫ్టు అని రాయండి, చాలు. మనుషులు ఎక్కితే వాళ్ల పూచీ."

"మనుషులకి అదొక్కటే అని బోర్డు పెట్టింది మీరేనండి."

"బోర్డు సంగతి వేరు."

"తాళ్లు వచ్చేదాకా వాళ్లని ముందు లిఫ్టుల్లో రానివ్వండి. సగం ఖాళీగానే తిరుగుతున్నాయి."

"ఖాళీ ఉందని అందర్నీ ఎక్కించేస్తామా? మాకు ఎవరి మీదా చిన్నచూపు లేదు. శుభ్రత ముఖ్యం, పిల్లలు తిరుగుతారు. తాళ్లకి కొటేషన్లు రావాలి, కమిటీ కూర్చోవాలి. అందాకా మెట్లున్నాయి కదా."

కంపెనీ మేనేజరు ఫోన్ చేసి సంతకం మార్చమన్నాడు. మేస్త్రి మార్చలేదు. వారం తిరగకుండా ఆయన్ని ఆ భవనం నుంచి తప్పించారు.

పనివాళ్లు మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఇస్త్రీ ఆయన మూటను రెండుగా చేసుకుని రెండుసార్లు ఎక్కేవాడు. ఒకరోజు దారిలో మేస్త్రి కనబడితే ఆగి, "నువ్వు నీతిమంతుడివయ్యావు, మేం కాళ్లు లేనివాళ్లమయ్యాం" అన్నాడు. మరో వంటామె ఆయన్ని చూసి మొహం తిప్పుకుంది. వదిన మాత్రం ఏమీ అనేది కాదు. ప్రతి నాలుగు అంతస్తులకూ కూర్చునేది. ఒకింట్లో ఆలస్యమవుతోందని మాన్పించేశారు.

ఊరుకోనిది ఆయా. మానవ హక్కుల కమిషన్ ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చి, ఒక సాయంత్రం మేస్త్రి ఇంటికి వచ్చింది.

"మాట కాదు, ఆధారం కావాలంటున్నారు బాబాయ్. రెండు రకాల లిఫ్టుల్ని రెండు రకాలుగా చూశారని రుజువుండాలట. మీ నోటుబుక్కులో ఉందని మీ వదినగారు చెప్పారు."

ఉంది. పన్నెండేళ్లది. ముందు లిఫ్టుకు కొత్తది, దాని పాతది వెనకకు, తేదీలతో సహా. అంతా ఆయన చేతిరాతే. తాళ్లు అరిగాయని తెలిసీ మూడు నెలలు మనుషుల్ని ఎక్కించిన సంగతి కూడా ఆ రాతలోనే ఉంది. ఆ పుస్తకం ఇస్తే సంఘంతో పాటు తానూ దొరుకుతాడు. ఇవ్వకపోతే ఫిర్యాదు ఆ బల్ల మీదే చచ్చిపోతుంది.

ఆయా వెళ్లాక మేస్త్రి వదిన దగ్గర కూర్చున్నాడు. "ఈసారి అడుగుతున్నాను. ఏం చెయ్యమంటావు?"

"లైసెన్సు పోతుందా?"

"పోవచ్చు."

"పోతే పోయింది. నువ్వు తినేది పిడికెడు, అది నేనే వండేది. ఇచ్చెయ్యి."

ఇచ్చేశాడు. మూడు నెలలకు ఉత్తర్వు వచ్చింది. పనివాళ్ల ప్రాణానికి ఒక కొలత, ఇళ్లవాళ్ల ప్రాణానికి ఒక కొలత పెట్టడం వివక్షేనని అందులో రాశారు. వెనక లిఫ్టును ముందు లిఫ్టులతో సమానమైన భద్రతకు తేవాలని సంఘాన్ని ఆదేశించారు. తీసేసిన భాగాలు వాడినందుకు మేస్త్రి లైసెన్సును ఏడాది పాటు ఆపారు. అది ఆయన రెండుసార్లు చదివాడు. తన గురించి రాసిన దాంట్లో తప్పేమీ కనబడలేదు.

సంఘం ఉత్తర్వును అక్షరాలా పాటించింది. కొత్త తాళ్లు, కొత్త బ్రేకు, కొత్త తలుపులు, కొత్త ఫ్యాను. రేకు గోడలు పోయి మెరిసే ఉక్కు గోడలు వచ్చాయి. దాని పక్కన బోర్డు కూడా కొత్తది వచ్చింది. మాటలు పాతవే.

ఆయా మళ్లీ ఫిర్యాదు రాసింది. రెండో విచారణకు మేస్త్రిని సాక్షిగా పిలిచారు. కమిషన్ అధికారిణి కాగితాలు తిరగేసి, "కొత్త లిఫ్టులో లోపం ఏమైనా ఉందా?" అని అడిగింది.

ఆయన ముందురోజు వెళ్లి చూసి వచ్చాడు. తన స్థానంలో వచ్చిన మేస్త్రి దగ్గర కొలతలూ చూశాడు. "లేదండి. మంచి పని" అన్నాడు.

సెక్రటరీ తరఫు లాయరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అంతేనండి. సమానమైన లిఫ్టు ఉంది. ఇక ఫిర్యాదేముంది?"

మేస్త్రికి కొలిచి చూపించడానికి ఈసారి ఏమీ లేదు. ఆయనకు మాటలు రావు. జీవితంలో ఎక్కువ మాట్లాడినవాళ్లను ఆయన ఎప్పుడూ నమ్మలేదు. బల్ల మీద అరచెయ్యి ఆనించాడు.

"నేను తాళ్లు కొలిచానండి" అన్నాడు చివరికి. "బోర్డు సంగతి పట్టించుకోలేదు. పన్నెండేళ్లు దాని పక్కనుంచే ఎక్కాను. లోపం తాళ్లలోనే ఉందనుకున్నాను. ఆ భవనంలో మనుషులకి రెండు లిఫ్టులు చాలండి. ఎనిమిది మంది పట్టేదాంట్లో ఇద్దరు తిరుగుతుంటారు. మూడోది సామానుకి కావాలి, మనుషులకి అక్కర్లేదు. ఈ పని తెలిసిన ఎవర్నైనా అడగండి."

"అయితే ఏం చేయాలంటారు?"

"ముందు లిఫ్టులకి కార్డుల మిషను పెట్టింది నేనేనండి. వాచ్‌మన్‌కి తెరుచుకోకుండా చేసింది నేనే. అది తీయడం పది నిమిషాల పని. కొత్త సామానేమీ కొననక్కర్లేదు."

"ఈయనకి లైసెన్సు లేదండి" అన్నాడు లాయరు. "ఈయన మాటకి విలువేమిటి?"

అధికారిణి ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో ఇటువైపుకు కనబడలేదు. కేసు నెల రోజులకు వాయిదా వేసింది.

ఆ రోజు సాయంత్రం వదిన పని నుంచి త్వరగానే వచ్చింది. కొత్త లిఫ్టును ఆ రోజే పనివాళ్లకు తెరిచారు, ఇక మెట్లు లేవు కదా. చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎక్కావా?" అన్నాడు మేస్త్రి.

"ఎక్కాను. చాలా బాగుందిరా. కుదుపు లేదు, చప్పుడు లేదు. గాలి కూడా వస్తోంది." మోకాలు నిమురుకుంది. "ఇదివరకు రోజూ వాళ్లని తిట్టుకుంటూ ఎక్కేదాన్ని. ఇవాళ పన్నెండు అంతస్తులూ ఒక్క మాట అనుకోకుండా ఎక్కేశాను. దిగాక గుర్తొచ్చింది."

మేస్త్రి జేబులోంచి వాయిదా కాగితం తీసి, తేదీ మరోసారి చూసుకున్నాడు.